విస్తరణలో ఇద్దరికి చోటు

మంత్రివర్గ విస్తరణ ఏ క్షణాన జరిగినా రాష్ట్రం ఇబ్బంది పడకూడదని మా దామోదరం పెట్టె నాలుగేళ్లుగా సర్దే ఉంచాం. అందులో గంజి పెట్టిన ఖద్దరు బట్టలు రెండు జతలు, ప్రమాణ స్వీకారం కాగితం, అది చదవడానికి కళ్లజోడు, తిరుచానూరు అమ్మవారి కుంకుమ పొట్లం ఉంటాయి. నెలకోసారి బట్టలు తీసి, ఉతికి, మళ్లీ గంజి పెట్టి సర్దేది నేను. నా పేరు చంద్రకాంతమ్మ. దామోదరానికి మేనత్తను.

మా దామోదరం శాసనసభ్యుడు. నియోజకవర్గం పడమటి అడవుల అంచున ఉంది. ప్రజల కష్టాలు దగ్గర నుంచి చూస్తే మనసు చెదిరి సరైన నిర్ణయం తీసుకోలేమని, ఆయన తిరుపతి బంగళాలో ఉంటూ వాటిని దూరం నుంచి చూస్తున్నాడు. అంత నిగ్రహం అందరికీ రాదు.

నాదొక పట్టింపు ఉంది. మా గడప దాటే మనిషి ఎవరైనా ‘పోయొస్తా’ అనాలి. ‘పోతా’ అంటే వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఆ మాట అనిపించి పంపుతాను. బస్సు ముందు ఏ ఊరి పేరు రాసి ఉందో తెలుసుకోవాలనే నేను ముప్పై ఏళ్ల వయసులో అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటికి ‘పోతా’ అన్న మనిషిని ఎక్కించుకుని ఆ బస్సు పోయి ఆరేళ్లయింది. ఆ సంగతి ఇక్కడ అనవసరం.

2003 జూలై మొదట్లో ఒక పొద్దున ఫోన్ మోగింది. మాట్లాడింది దామోదరం పీఏ బాలసుబ్రమణ్యం. ఎమ్మెల్యేగారి పుట్టినరోజు కరపత్రం అచ్చు తీయించడానికి బస్టాండు దగ్గర మోనిక అనే అమ్మాయి నడిపే కంప్యూటర్ సెంటర్‌కు పోయి ఉన్నాడు.

“అన్నా! ఎక్స్‌పాన్షన్ వచ్చేసిందంట!”

దామోదరం చేతిలోని ఇడ్లీ సాంబారులో పడింది.

“ఎవురప్పా చెప్పింది?”

“ఈడ సెంటర్లో చెప్తాండారు. పాతోళ్లు ముగ్గురే కదా, ఇప్పుడు కొత్తగా ఇద్దరికి చోటిచ్చినారంట.”

“సెంటర్లోనే చెప్పినారా?”

“సెంటర్లోనే అన్నా. నా ఎదురుగానే.”

సెంటర్ అంటే మా దామోదరానికి తెలిసింది ఢిల్లీ ఒక్కటే. ఢిల్లీయే చెప్పిందంటే ఇక తిరుగులేదని తుడుచుకోని చేత్తోనే పెట్టె అందుకున్నాడు.

“పోయొస్తానత్తా,” అన్నాడు. సంతోషంలో కూడా మరిచిపోలేదు. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు పోయి, సచివాలయంలో పెట్టెతో సహా నిలబడి, “నేను వచ్చేసినాను” అని చెప్పాడట. అక్కడి పెద్ద అధికారి “దేనికి?” అని అడిగాడట. విస్తరణకు అంటే, “మాకే తెలియదే, ఎవరు చెప్పారు?” అన్నాడట. వెంట పోయిన బాలసుబ్రమణ్యం అక్కడి నుంచే మోనికకు ఫోన్ చేశాడు.

“ఆట సార్ అది,” అంది మోనిక. “రాక్షసులను ఏటాడే ఆట. దానికి ఎక్స్‌పాన్షన్ సీడీ మద్రాసు నుంచి వచ్చింది. కొత్త గుహ, కొత్త రాక్షసులు, ఆడేదానికి కొత్తగా ఇద్దరు వీరులు. మీరేమనుకున్నారు?”

మామూలు మనిషైతే తల వంచుకుని తిరుగు రైలెక్కేవాడు. మా దామోదరం గొంతు సవరించుకున్నాడు.

“అదే సార్ నేను చెప్పొచ్చేది. కంప్యూటర్ విస్తరణ. మా నియోజకవర్గంలో ఒంటి ఏనుగు ఒకటి పంటల మీద పడతాండాది. దాన్ని తరిమే ఫారెస్టు వాచర్లకు కంప్యూటర్లో రాక్షస నివారణ ట్రైనింగ్ ఇస్తాం. దేశంలోనే మొదటిది.”

ఆ రోజుల్లో కంప్యూటర్ అనే మాట వింటే పెద్ద పెద్ద ఆఫీసర్లు కూర్చున్న చోటే నిటారుగా అయ్యేవాళ్లు. అధికారి పెన్ను తీశాడు. మూడో రోజు మా దామోదరం పెట్టెతో పాటు ‘మాన్‌స్టర్ మేనేజ్‌మెంట్ పైలట్ ప్రాజెక్టు’ కూడా తెచ్చాడు. గంజి బట్టలు మడత విప్పలేదు. నేను అలాగే లోపల పెట్టాను.

వాచర్లకు శిక్షణ అని ప్రకటన వచ్చింది కానీ, ఏనుగు తిరిగే నల్లగుట్టపల్లెకు ఉన్న వాచరు ఒక్కడే. దేవరాజులు. నలభై ఏళ్లుంటాయి. దినకూలీ మీద చేస్తాడు. రెండేళ్లుగా రేకు డబ్బా వాయించి, టపాసులు కాల్చి ఆ ఏనుగును ఊళ్లోకి రానీయకుండా ఆపుతున్నాడు. ఆ ఆపే మనిషిని తిరుపతికి తెచ్చి, ఎలా ఆపాలో నేర్పడమే పథకం.

మా బంగళా వసారాలో ఆయనకు చాప వేశారు. మధ్యాహ్నం సెంటర్‌కు క్యారియర్ తీసుకుపోయే పని నాది. అందువల్ల ఆ చారిత్రక శిక్షణ నేను కళ్లారా చూశాను.

తెర మీద ఒక ఊరు. ఊరి వాకిట్లో కత్తి పట్టుకుని నిలబడిన వీరుడు మన దేవరాజులు. ఊళ్లో ఇద్దరు ముగ్గురు మనుషులు తిరుగుతుంటారు. వాళ్ల మాటలు ఇంగ్లీషులో ఉంటే మోనిక తెలుగులో చెబుతుంది.

“మేడం, ఈ ఊర్లో ఎవుర్ని పలకరించినా ఒకే మాట. ధైర్యంగా ఉండు, సాయం వస్తాది అంటాండారు. ఎంతసేపు నిలబడినా సాయం రాలేదే?”

“ఆటలో ఊరోళ్లు అంతే అన్నా. ఆ ఒక్క మాటే నేర్పింటారు వాళ్లకు.”

“మా ఊరికొచ్చే ఆఫీసర్లకు గూడా ఈ కంప్యూటరోళ్లే నేర్పినారేమో,” అన్నాడు దేవరాజులు.

గుహలోకి పోగానే ఏనుగంత రాక్షసుడు ఎదురుపడ్డాడు. దేవరాజులు మౌసు వదిలేసి రెండు చేతులూ జోడించాడు.

“సామీ, పక్కకు పో సామీ. పిల్లాజెల్లా ఉండే ఊరు.”

రాక్షసుడు వీరుడిని కాలికింద వేశాడు. తెరంతా ఎర్రగా అయిపోయింది.

“మౌస్ ఇడిచిపెట్టి మొక్కితే ఎట్లన్నా! కొట్టాల!”

“కొట్టకూడదు మేడం. కొడితే తిరగబడతాడు. గాలి ఎటునుంచి వస్తాందో సూసుకోని, దూరం నుంచి టపాసు కాల్చి, దోవ ఇడిచి నిలబడాల. ఆయనే పోతాడు. దీంట్లో మొక్కే బటన్ యాడుండాది?”

“మొక్కే బటన్ లేదన్నా. కొట్టే బటనే.”

“టపాసు బటన్?”

“అదీ లేదు.”

“అయితే దీన్ని చేసినోడు ఏనుగును సూళ్లేదు,” అని దేవరాజులు క్యారియర్ విప్పాడు.

మొదటి రోజు నలభై ఒక్కసార్లు చచ్చాడు. ప్రతిసారీ “అయ్యో” అని నేను లేచి నిలబడేదాన్ని. మోనిక నన్ను కూర్చోబెట్టింది.

“భయపడొద్దు అమ్మమ్మా. పోయే ముందర సేవ్ చేసుకుంటే చాలు. చచ్చినా మళ్లీ ఆ ఊరి వాకిట్లో లేచి నిలబడతాడు.”

ఇంత మంచి ఏర్పాటు మనుషులకు ఇంతకాలం ఎందుకు అందలేదో నాకు అర్థం కాలేదు. ఆ మాట రాసి చూపించమంటే మోనిక కాగితం మీద తెలుగులో రాసిచ్చింది. సేవ్. నేను దాన్ని కొంగుకు ముడి వేసుకున్నాను.

వారం తరువాత విలేకర్లను పిలిచి మా దామోదరం ఉపన్యసించాడు. “మా దేవరాజులు ప్రజల కోసం రోజుకు నలభై సార్లు చచ్చి మళ్లీ లేస్తాండాడు! కంప్యూటర్ భాషలో దాన్నే సేవ్ అంటారు. సేవ్ అంటే ఏంది? సేవ! ప్రజాసేవ!” బాలసుబ్రమణ్యం చప్పట్లు కొట్టాడు. విలేకర్లు రాసుకున్నారు. దేవరాజులు మర్యాదకు లేచి నిలబడితే, ఆ రెండు నిమిషాల్లో రాక్షసుడు మళ్లీ తొక్కేశాడు.

ఈలోపు నల్లగుట్టపల్లెలో కాపలా లేదు. ఆ సంగతి ఏనుగుకు ఎవరు చెప్పారో గానీ, చెరుకు తోటలు ఒక్కొక్కటే చదును చేస్తోంది. ఆగస్టు మొదటి వారంలో దేవరాజులు భార్య మునిరత్నమ్మ రెండు బస్సులు మారి బంగళాకు వచ్చింది. చెప్పులు గేటు బయటే విడిచింది.

“అన్నా, ఆయన్ని పంపీండి.”

“ట్రైనింగ్ మధ్యలో పంపితే ప్రాజెక్టు ఏం కావాలమ్మా?” అన్నాడు దామోదరం. “ఇప్పుడే ఎక్స్‌పాన్షన్‌లోకి వచ్చినాడు.”

“అయితే రెండు పెట్టెల టపాసులన్నా ఇప్పీండి. పాతవి అయిపోయినాయి. ఈయన వచ్చినాక జతకు ఒక మనిషిని ఇయ్యండి. ఒంటి ఏనుగు దగ్గరికి ఒంటి మనిషి పోకూడదన్నా. ఈయనే ఊరందరికీ చెప్తాడు ఆ మాట.”

“రెండేంది తల్లీ, నాలుగు పెట్టెలు ఇస్తా!”

ఆయన మాట తప్పేవాడు కాదు. రెండోరోజే నాలుగు పెట్టెల తాటాకు టపాసులు దిగాయి. అయితే ప్రభుత్వ వస్తువును ఊరికే చేతికివ్వడం అమర్యాద కదా. శిక్షణ ముగింపు సభలో, ఫోటోగ్రాఫరు ఎదురుగా, శాలువాతో పాటు ఇవ్వాలని నిర్ణయించి మెట్ల కింద పెట్టించారు. మునిరత్నమ్మ ఉత్త చేతులతో బస్సెక్కింది. “పోయొస్తా పెద్దమ్మా” అంది. నేను రోజూ పెట్టెల మీద చేయి వేసి తేమ తగిలిందేమో చూసేదాన్ని.

విస్తరణ సీడీలో రాక్షసులు మరీ పెద్దవాళ్లు. దేవరాజులు మొదట్లో వాళ్లకూ మొక్కాడు. తరువాత ఒక చేత్తో మొక్కి రెండో చేత్తో కొట్టాడు. ఆగస్టు ఇరవయ్యో తేదీకి అందరికన్నా పెద్ద రాక్షసుడిని పడగొట్టాడు. మోనిక ఈల వేసింది.

“ఇప్పుడు మొక్కడంల్యా అమ్మా,” అన్నాడు నాతో, తన కుడిచేతిని తనే చూసుకుంటూ. “కనపడగానే చెయ్యి దానికదే కొట్టేదానికి పోతాండాది.”

‘ఏనుగుల నివారణ (ఎక్స్‌పాన్షన్ సహా) నిపుణుడు’ అని సర్టిఫికెట్టు ఇచ్చారు. అంచున బంగారు రంగు. మిగిలింది ముగింపు సభ.

ఇరవై రెండో తేదీ శుక్రవారం హైదరాబాదు నుంచి ఫోన్.

“సార్, విస్తరణ,” అంది అవతలి గొంతు.

“మాకొచ్చి నెల దాటిందప్పా,” అన్నాడు బాలసుబ్రమణ్యం. “వేసేసినాం, ఆడేసినాం, అయిపోయింది గూడా. ఇంకొకటి పంపొద్దండి, కంప్యూటర్లో చోటు లేదంట.” అని పెట్టేశాడు.

మళ్లీ మోగింది. ఈసారి దామోదరం ఎత్తాడు. ఎత్తినవాడు మెల్లగా నేల మీద కూర్చున్నాడు. కంప్యూటర్‌తో ఏనుగును ఎదుర్కొన్న ఏకైక శాసనసభ్యుడిగా ఆయనకు మంత్రి పదవి వచ్చింది. విస్తరణలో ఇద్దరికి చోటు. అందులో ఒకరు మా దామోదరం. మోనిక మాట అక్షరాలా నిజమైంది.

శనివారం పొద్దున బంగళా ముందు జాతర. డప్పులు, పూలదండలు, నాలుగు జీపులు. నేను పెట్టెకు బొట్టు పెట్టి, హారతి పళ్లెం పట్టుకుని గడపలో నిలబడ్డాను. మా దామోదరం ఫోటోగ్రాఫర్ల కోసం మూడుసార్లు “పోయొస్తానత్తా” అన్నాడు. మూడోసారి కన్నీళ్లు కూడా వచ్చాయి. ఆ సమయంలో ఎవరో, పొరుగువీధిలోని ఎదుటి పార్టీవాళ్లు చేసే చప్పుడు కంటే మనది తక్కువగా ఉందన్నారు. బాలసుబ్రమణ్యం మెట్ల కిందికి పరుగెత్తాడు.

తాటాకు టపాసుల చప్పుడు అంత ఉంటుందని నాకు తెలియదు. ఆ వీధిలో కుక్కలన్నీ రైల్వే స్టేషను దాకా పరుగెత్తాయి. ఏనుగైతే ఎంత దూరం పోయేదో.

పొగ ఇంకా ఉండగానే మునిరత్నమ్మ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది. ఏనుగు పొద్దున్నుంచీ ఊరి వెనక చెరుకులోనే ఉందట. ఒక గోడ పడిందట. దేవరాజులు వసారాలో చాప చుట్టి, బాలసుబ్రమణ్యం దగ్గరికి పోయాడు.

“అన్నా, నా టపాసులు.”

బాలసుబ్రమణ్యం పెట్టెను తలకిందులు చేసి తట్టి చూపించాడు. నిజాయితీపరుడు, ఒక్కటి కూడా దాచుకోలేదు.

“మంత్రి పదవంటే ఊరుకుంటారా అప్పా. సోమవారం కొత్తవి తెప్పిస్తా.”

“జతకు మనిషి?”

“అదీ సోమవారమే. నీకేమప్పా, ఎక్స్‌పాన్షన్ పాసైనోడివి! సర్టిఫికెట్టు ఉండాది కదా!”

దేవరాజులు నవ్వాడు. నేను పసుపు గుడ్డసంచిలో పులిహోర పొట్లం, ఆయన పంచె, తువ్వాలు, పైన సర్టిఫికెట్టు మడత పడకుండా పెట్టి ఇచ్చాను. హారతి పళ్లెం లోపల పెట్టి వచ్చేసరికి మనిషి లేడు. ఏమీ అనకుండా గడప దాటాడు. నేను చెప్పులు లేకుండా బస్టాండుకు నడిచాను. బస్సు కదులుతోంది.

“దేవరాజులూ! పోయొస్తానను! ఆ మాట అనలేదు నువ్వు!”

కిటికీలోంచి తల బయట పెట్టాడు. డప్పుల చెవుడు ఇంకా పోలేదేమో, నా మాట సగమే వినపడింది.

“సేవ్ చేసినాన్లే అమ్మా!” అని చెయ్యెత్తాడు.

వర్షాకాల సమావేశాల్లో ఎవరో సభ్యుడు లేచి ఈ పథకంలో ఎవరైనా చనిపోయారా అని అడిగాడు. మా మంత్రిగారు కళ్లజోడు పెట్టుకుని, మోనిక సెంటర్‌లో తీయించిన రంగుల కాగితం చదివి జవాబిచ్చారు. కంప్యూటర్ రికార్డు ప్రకారం శిక్షణ పొందినవారిలో నూటికి నూరు శాతం సజీవంగా ఉన్నారు. బల్లలు చరిచారు. మునిరత్నమ్మ పరిహారం కోసం పెట్టిన అర్జీ మీద కూడా అదే కాగితం జతచేసి తిప్పి పంపారు.

నేను సెంటర్‌కు పోయి ఆ రికార్డు చూపించమన్నాను. మోనిక ఆట తెరిచింది. ఊరి వాకిట్లో కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ప్రాణం ఎంత మిగిలిందో చూపే గిన్నె తెర మూలన నిండా ఎర్రగా ఉంది. పక్కనున్న ముసలాయన ధైర్యంగా ఉండు, సాయం వస్తుంది అంటున్నాడు.

మంత్రిగారు పోయిన వారం రెండో శిక్షణ కేంద్రం ప్రారంభించి క్షేమంగా ఇంటికి వచ్చారు. పెట్టె నేనే విప్పాను.

ఆ రోజు కదిలిపోయిన బస్సు ముందు చిత్తూరు అని రాసి ఉంది. ఈసారి నేను చదివాను. 2003 ఆగస్టు 23, శనివారం, మధ్యాహ్నం పన్నెండున్నర. దేవరాజులు తిరిగి రాలేదు.