ఎల్విరా చావని నవల

“‘ఓడరేవులో ఎల్విరా’ నవల ఆధారంగా తీసిన సినిమా” అని మైకు ప్రకటించింది. చుట్టల కర్మాగారంలో వెనక బల్లలవాళ్లకి అది “నవల అంధకారంగా” అని వినిపించింది. “సినిమా అంటేనే చీకట్లో చూసేది, అదీ ఓ వింతేనా?” అని వెనక బల్ల ఎలియోదోరో తాత పెదవి విరిచాడు. ముసలి చెవులు జరగబోయేది కూడా వింటాయని తర్వాత తేలింది.

పినార్ దెల్ రియో అనే ఈ ఊళ్లో చేతులు ఆకు చుడుతుంటే చెవులు కథ చుట్టబెడతాయి. అందుకోసం కార్మికులే ఓట్లేసి, పైకి చదివి వినిపించే ఒక చదువరిని ఎన్నుకుంటారు. నచ్చితే ఆకు కోసే చాకుతో బల్లమీద టకటకా తడతారు. నచ్చకపోతే చాకు నేలమీద పడేస్తారు. ఆ చప్పుడు విన్న చదువరి మర్నాడు వేరే పని వెతుక్కుంటుంది. పద్దెనిమిదేళ్లుగా ఒబ్దులియాకి ఆ చప్పుడు తెలియదు. ఆమెని అందరూ చదువులమ్మ అంటారు. ఆ నవల తొమ్మిదిసార్లు చదివింది. అది అక్కడ అందరికీ కంఠస్థమే కాదు, కంటస్థం కూడా. ఆమె ఎక్కడ ఆగితే అక్కడ నూట ఇరవై జతల కళ్లు తడవాల్సిందే.

సినిమా అనగానే ఊరంతా పండగ. ఒబ్దులియాకి మాత్రం మూడు రోజులుగా అన్నం సహించలేదు. కారణం చిన్నదే. పుస్తకంలో ఎల్విరా జ్వరంతో చచ్చిపోతుంది. ఒబ్దులియా చదువులో బతికి, పెళ్లాడి, కవలల్ని కంటుంది. మొదటిసారి ఆఖరి అధ్యాయం చదువుతున్నప్పుడు ముందు బల్ల దగ్గర నిండు గర్భిణి మిగ్దాలియా, “ఈ పిల్ల పోతే నేనూ పోతా” అని వెక్కింది. ఒబ్దులియా అప్పటికప్పుడు ఎల్విరాకి వేడి చేప పులుసు పట్టించి లేపి కూర్చోబెట్టింది. మిగ్దాలియాకి కూతురు పుట్టింది. పేరు ఎల్విరా. ఇప్పుడు ఊళ్లో పదకొండుమంది ఎల్విరాలు.

సినిమా రోజున ఒబ్దులియా “గొంతు నొప్పి, రాలేను” అంటే, “చూడ్డానికి గొంతెందుకు?” అని లాక్కొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. పనిచేసే హాల్లోనే కిటికీలు మూసి, గోడకి దుప్పటి కట్టారు. సాంస్కృతిక శాఖ అధికారి ప్రసంగించాడు: “కామ్రేడ్స్! ఈ చిత్రం మూలానికి అక్షరాలా విధేయం. ఒక్క కామా జారకుండా మా శాఖ కాపలా కాసింది!”

తెరమీద కథలోని కెప్టెన్ రొసెందో నోరు విప్పగానే హాల్లో కలకలం. “వీడికి మగగొంతు పెట్టారేమిటి?” గంటన్నర తర్వాత, కామాలు భద్రంగా కాపాడిన శాఖ, ఎల్విరాని కోమాలో పడేసి, పాతిపెట్టేసింది.

నూట ఇరవై చాకులు నేలమీద పడ్డాయి.

“హంతకుల్లారా! పులుసు ఏదీ? నా కవలలేరీ?” అని మిగ్దాలియా లేచింది. అధికారి చెమటలు తుడుచుకుని, సంచిలోంచి పుస్తకం తీసి, ఆఖరి పేజీ చదివాడు. అందులోనూ చచ్చింది.

“అచ్చుతప్పు!” అన్నారెవరో. ఆ తీర్మానం ఏకగ్రీవంగా గెలిచేదే. కానీ అధికారి బిక్కమొహం చూసి ఒబ్దులియా లేచింది.

“తప్పు అచ్చుది కాదు, నాది. ఆవేళ మిగ్దాలియా ఏడుపు చూసి చంపలేకపోయాను. తర్వాత ఎనిమిదిసార్లూ చంపడానికి మొహం చెల్లలేదు.”

“అంటే ఇన్నేళ్లూ మాకు అబద్ధం చదివావా, చదువులమ్మా?” అంది మిగ్దాలియా.

“ఆఖరి అధ్యాయమేనమ్మా.”

మిగ్దాలియా వంగి చాకు తీసుకుంది. బల్లమీద ఒకసారి తట్టింది. తర్వాత హాలంతా మోగిపోయింది. రచయితకి కథ సరిగా తెలియదని సభ తీర్మానించింది. చదువులమ్మ పదవి పదిలం.

ఎలియోదోరో తాత ఒక్కడే చెయ్యెత్తాడు. “తల్లీ, చిన్న అనుమానం. రోజూ పొద్దున్నే మాకు పేపరు కూడా చదివి వినిపిస్తావు కదా. బియ్యం వచ్చేస్తోందంటావు, కరెంటు ఇక పోదంటావు. అదీ నీ చేప పులుసేనా?”

“ఒట్టు తాతా! పేపర్లో అక్షరం మార్చను. ఆ శ్రమ నాకు లేకుండా వాళ్లే ముందుగా మార్చి అచ్చేస్తారు.”

హమ్మయ్య, తప్పు మన మనిషిది కాదని అందరి మనసులూ కుదుటపడ్డాయి.