పదమూడో నంబరు వాకిట్లో చెప్పులు

ఆ రోజు జ్యోతిరాణి పొద్దున్నే ఒక నిర్ణయానికి వచ్చింది. మొదటి షిఫ్టు దిగి శ్రావణ్ మూడున్నరకు ఇల్లు చేరతాడు. అన్నం పెట్టి, నాలుగు ముద్దలు తిన్నాక, "పిల్లను తీసుకొని మా అవ్వగారింటికి పోతున్న. మల్ల రాను" అని చెప్పేయాలి. నాలుగున్నర బస్సు ఎక్కేయాలి. మొదటి ముద్దకే చెబితే అతడు పళ్ళెం ముందునుంచి లేచిపోతాడు. మొగుణ్ణి పస్తు పెట్టి వెళ్ళేంత కోపం ఆమెకు లేదు.

అసలు కోపమే లేదు. ఉన్నదల్లా ఒంటరితనం. కొండగట్టు దగ్గర పల్లెలో పదకొండు మంది మసిలే ఇంట్లో పుట్టిన పిల్ల. ఈ గని కాలనీకి వచ్చి మూడు నెలలైనా ఒక్క మనిషి ఆమె గడప తొక్కలేదు. అందులో ఎవరి తప్పూ లేదు. ఆ కాలనీలో పగటిపూట ఎవరూ ఎవరి తలుపూ కొట్టరు. రాత్రంతా బొగ్గు తీసినవాళ్ళు అప్పుడే కదా పడుకునేది! ఏ ఇంట్లో ఎవరు ఏ షిఫ్టో తెలియక అందరూ అందరి తలుపులకూ దూరంగానే ఉంటారు. రోజంతా ఆమె మాట్లాడేది రెండేళ్ళ హన్వికతో. ఆ పిల్ల బదులుగా అనేది "గిదేంది?" అన్న ఒక్క ముక్క. నిన్న పాల ప్యాకెట్ మీది తేదీని పైకి చదువుకొని, తన గొంతు విని తానే ఉలిక్కిపడింది జ్యోతిరాణి.

ఇక హన్విక సంగతి. ఆ పిల్ల నెలకో విద్య నేరుస్తుంది. నడక వచ్చిన కొత్తలో ఇంట్లో ఉన్న చెంచాలన్నీ బియ్యం డబ్బాలో నాటు వేసింది. తర్వాత తండ్రి ఫోన్‌కు బకెట్‌లో స్నానం చేయించింది. ఈ వారం పీట జరుపుకొని, ఎక్కి, తలుపు గొళ్ళెం తీయడం నేర్చింది. ఈ చివరి విద్య గురించి తల్లికి ఇంకా తెలియదు.

రెండున్నరకు జ్యోతిరాణి లోపలి గదిలో సంచి సర్దుతూ ఏడుస్తోంది. ముందు గదిలో చప్పుడు లేదు. పసిపిల్లలున్న ఇంట్లో చప్పుడు లేదంటే ఏదో కొంప మునుగుతోందని ఏ తల్లికైనా తెలుసు. తన దుఃఖంలో ఉండి ఆమె ఆ సంగతి మరిచిపోయింది.

ఆ బ్లాకులో కింద నాలుగు, పైన నాలుగు ఇళ్ళు. ఎనిమిది గడపల ముందూ చెప్పులు. హన్విక మెట్లు పాకి, ఒక్కొక్కటే గుండెకు హత్తుకొని తెచ్చి, తమ గడప ముందు పేర్చసాగింది. పట్టుదల చూడాలి!

ఆ కాలనీలో ఒక ఇంటి ముందు అన్ని చెప్పులు కనిపిస్తే దానికి ఒకటే అర్థం. ఆ ఇంటాయనకు గనిలో ఏదో జరిగింది, ఆడవాళ్ళు ఆమె దగ్గరికి చేరారు. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎవరూ ఏమీ అడగరు. అడిగితే ఆ మాట ఆమె తన నోటితో చెప్పాల్సి వస్తుంది. అందుకని ఊరికే వెళ్ళి పక్కన కూర్చుంటారు.

పక్కింటి అనసూర్య ఆరిన బట్టలు తీయడానికి వచ్చి ఆ కుప్పను చూసింది. అందులో తన చెప్పులు కూడా ఉన్నాయన్న సంగతి ఆ కంగారులో గమనించలేదు.

"ఐలవ్వా! జర కిందికి దిగు. పదమూడో నంబర్ల ఏదో అయింది!"

మేడ మీది ముసలమ్మ ఐలవ్వ వట్టి కాళ్ళతోనే దిగింది. ఎదురు బ్లాకుల వాళ్ళు చెప్పులు తొడుక్కునే వచ్చారు, గడప ముందు విడిచారు. కుప్ప రెట్టింపైంది. పావుగంటలో ముందు గది నిండిపోయింది.

లోపలి గదిలోంచి వచ్చిన జ్యోతిరాణి అంతమందిని చూసి నోరు తెరిచింది. వాళ్ళేమో ఆమె ఎర్రటి కళ్ళను, చేతిలోని సంచిని చూశారు.

"దవాఖానకు బట్టలు సుత సర్దుకుంది పాపం," అని ఎవరో గుసగుసలాడారు.

అనసూర్య ఆమె తల నిమిరింది. "ఏడ్వకు బిడ్డా. మేమందరం లేమా?"

మూడు నెలల తర్వాత తన తల మీద పడిన మొదటి చెయ్యి అది. జ్యోతిరాణి భోరుమంది. తను పొద్దున తల్లితో ఫోన్లో చెప్పుకున్నది గోడ అవతలికి వినిపించిందనుకుంది.

"మీకెట్ల తెల్సింది పెద్దమ్మా?"

"తెల్వకుండ ఉంటదా? గోడకు గోడ ఆనుకొని ఉన్నం."

"నేనొక్కదాన్నే ఈడ ఎట్లుండాలె?"

ఆ మాటకు గదిలో అందరూ కొంగులు కళ్ళకు అద్దుకున్నారు. ఐలవ్వ దగ్గరికి జరిగింది. "గట్లనకు. మా ఆయన గనిల పోయిన నాడు నేను సుత గట్లనే అన్న. ముప్పయ్యేండ్లాయె. పిల్లను చూసుకొని గుండె గట్టి చేసుకోవాలె."

జ్యోతిరాణి వెక్కిళ్ళు ఆగిపోయాయి. తను నాలుగున్నర బస్సుకు వెళ్ళడానికీ ఐలవ్వ భర్త చావుకూ ఏమిటి సంబంధం? అంతలో కబురందిన యూనియన్ నాయకుడు పర్శరాములు గుమ్మంలో బూట్లు విడిచి లోపలికి వచ్చాడు.

"ఆటో తెచ్చిన. దవాఖానకు ఫోన్ చేస్తున్న, ఎవలు ఎత్తుతలేరు."

"దవాఖాన ఏంది? శ్రావణ్‌కేమైంది?" ఆమె గొంతు కీచుమంది.

 అడగకూడదు, చెప్పకూడదు, అదే పద్ధతి. అనసూర్య ఆమెను మరింత గట్టిగా పట్టుకుంది. జ్యోతిరాణి చేతిలోంచి సంచి జారిపోయింది. 'కొండగట్టు అంజన్నా, నా మనిషిని పాణంతోటి పంపు. ఎవలు పొమ్మన్నా ఈ ఇల్లు కదల' అని మొక్కుకుంది. బస్సు, పుట్టిల్లు, మూడు నెలల దిగులు అన్నీ ఎటో పోయాయి. ఆమెకు ఇప్పుడు కావలసింది ఆ మనిషి ఒక్కడే.

సరిగ్గా అప్పుడే ఆ మనిషి బండి ఆపి, తన వాకిట్లో ముప్పై జతల చెప్పులు చూశాడు. శ్రావణ్ గనికార్మికుడి కొడుకు. అర్థం చెప్పాల్సిన పనిలేదు. తను బాగానే ఉన్నాడు కాబట్టి లోపల పెళ్ళామో పిల్లో అయి ఉండాలి. టిఫిన్ డబ్బా కిందపడేసి, "హన్వికా! రాణీ!" అని అరుస్తూ లోపలికి దూకాడు.

తాము ఎవరి కోసం ఏడుస్తున్నారో అతడే బొగ్గు మరకల మొహంతో ఎదురుగా నిలబడేసరికి ఐలవ్వ కెవ్వుమంది.

"నువ్వు మంచిగున్నవా?" అన్నాడు పర్శరాములు.

"నాకేమైతది? ఈడ ఎవలికేమైంది?"

జ్యోతిరాణి అంతమంది ముందే వెళ్ళి అతడి చొక్కా పట్టుకొని వదల్లేదు. పర్శరాములు విచారణకు దిగాడు. "అందరికంటె ముందుగాల ఎవలొచ్చిన్రు?"

"నేనే," అంది అనసూర్య. "కాని నాకంటె ముందు వచ్చినోళ్ళ చెప్పులు మస్తుండె."

"వాళ్ళేరి మరి?"

 గుమ్మం దగ్గర దబ్బుమని చప్పుడైంది. పిల్ల ఎవరి ఒడిలోనో ఉందనుకుంటున్న తల్లి తిరిగి చూసింది. హన్విక పర్శరాములు బూటును ఈడ్చుకొచ్చి కుప్ప పక్కన పెట్టి, ఒక్కొక్క జతనూ వేలితో చూపిస్తోంది. "తాత. మామ. పెద్దమ్మ. అమ్మమ్మ."

అమ్మమ్మగారింట్లో తల్లి నేర్పిన ఆట అది. వాకిట్లో చెప్పులు చూసి ఇంట్లో ఎవరున్నారో చెప్పాలి. ఇక్కడి వాకిలి ఖాళీగా ఉండటం పిల్లకు నచ్చలేదు. అది గ్రహించిన జ్యోతిరాణికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

తర్వాత గంటసేపు చెప్పుల వెతుకులాట. చాయ మీద చాయ. "మూడు నెలల సంది ఉన్నవు, ఒక్కసారన్న తలుపు కొట్టొద్దా?" అని ఐలవ్వ కసిరింది.

"మీరు పండుకుంటరేమోనని..."

"నా కొడుకు డ్యూటీకి పోయినంక ఇంట్ల పండుకునేటోడెవడే? నేను గోడలతోని మాట్లాడుత. నువ్వు పండుకుంటవని నేను కొట్టలే."

మూడోసారి చాయ పోస్తుండగా నాలుగున్నర బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఏడుగురు మాత్రం ఒంటి చెప్పు చేతబట్టుకొని ఇళ్ళకు పోయారు. శ్రావణ్ మూలనున్న సంచి చూశాడు. "గిదేంది?"

"ఎండకేద్దామని తీసిన," అంది జ్యోతిరాణి.

చీకటి పడుతుండగా మంచం కింద హన్విక దాచిన ఏడు ఎడమకాలి చెప్పులు బయటపడ్డాయి. ఇచ్చివస్తానని శ్రావణ్ లేచాడు.

"వద్దు, ఉండనియ్యి. రేపు వాళ్ళే దేవులాడుకుంట వస్తరు," అని జ్యోతిరాణి వాటిని మళ్ళీ మంచం కిందికే నెట్టి, అతణ్ణి అరకిలో చాయపత్తికి పంపింది.