ఇస్త్రీపెట్టె వేడెక్కించిన భూగోళం

ఎండలు ముదరడం మన అదృష్టం! అవునండీ, కళ్ళు నులుముకోనక్కర్లేదు, సరిగ్గానే చదివారు. భూమి వేడెక్కిపోతోందని పొద్దస్తమానం గుండెలు బాదుకునేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్ళకు మంచిని చూసే కన్ను లేదు.

నాకుంది. నలభై రెండు ఫ్లాట్ల భవనానికి ఆరేళ్ళుగా సెక్రటరీని. ఊరికే ఉంచారా మరి?

మా ఇల్లే తీసుకోండి. ఇదివరకు మా ఆవిడ ఒక గది, అమ్మాయి ఒక గది, అత్తగారు ఒక గది. ఎవరి గోల వారిది. ఇప్పుడో? ఏసీ బాగా పనిచేసే గదిలోకి నలుగురం చేరిపోయాం. మా అత్తగారూ నేనూ పదేళ్ళలో మాట్లాడుకోనన్ని మాటలు ఈ రెండు నెలల్లో మాట్లాడుకున్నాం. ఎక్కువగా రిమోట్ గురించే అనుకోండి. అయినా మాటలు మాటలే కదా!

డాబా మీద ట్యాంకులో నీళ్ళు పొద్దున పదికల్లా సలసల కాగుతుంటాయి. ఇక గీజరెందుకు? చల్లనీళ్ళు కావాలనుకుంటే మాత్రం ముందురోజే గీజరులో నింపి, స్విచ్చి వేయకుండా దాచుకోవాలి. ఈ ఉపాయం మా ఆవిడ కనిపెట్టింది. తీగ మీద ఈ కొసన చొక్కా ఆరేసి ఆ కొసకు వెళ్ళేలోపు ఆరిపోతోంది. చెప్పాపెట్టకుండా ఊడిపడే చుట్టాలు ఈ ఎండలకు జడిసి మొహం చాటేశారు. ఇంతకన్నా ఏం కావాలండీ మనిషికి?

ఇదంతా దానంతట అదే వచ్చిందనుకుంటున్నారేమో! లేదు. పెట్రోలనక, డీజిలనక, బొగ్గనక భూమిలో ఉన్నదంతా తోడి తగలబెడితే వచ్చింది. అందులో మా భవనం వాటా చిన్నదేం కాదని సగర్వంగా మనవి చేసుకుంటున్నాను.

మాకు నలభై రెండు ఫ్లాట్లుంటే కార్లు యాభై పైనే. సీట్లు చల్లబడాలి కాబట్టి, ఎక్కడానికి పది నిమిషాల ముందే ఇంజను వేసి, ఏసీ పెట్టి, మళ్ళీ పైకెళ్ళి కాఫీ తాగి దిగుతాం. రెండో అంతస్తు పళ్ళడాక్టరుగారు పాలప్యాకెట్టుకు కూడా కారులోనే వెళతారు. ఆ కొట్టు మా గేటు దగ్గర నిలబడితే కనిపిస్తుంది. ఆయన సీటు బెల్టు పెట్టుకునేసరికి కొట్టు వచ్చేస్తుంది. అయినా పెట్టుకుంటారు. పద్ధతి గల మనిషి.

ఇక కరెంటు సంగతి. అందరం ఒక్కసారిగా ఏసీలు వేస్తాం. కరెంటు పోతుంది. కింద డీజిల్ జనరేటరు గుర్రుమంటుంది. ఆ పొగంతా మొదటి అంతస్తు కిటికీల్లోకి వెళుతుంది. వాళ్ళు కిటికీలు బిగించుకుని, ఉన్న ఏసీకి తోడు ఇంకోటి కొంటారు. ఒకదానికొకటి ఎంత ముచ్చటగా అల్లుకుపోయిందో చూశారా?

అంతా ఇలా సాఫీగా సాగిపోతుండగా, ఒక మధ్యాహ్నం లిఫ్టు ఆగిపోయింది. వేడికి మోటారు చేతులెత్తేసిందన్నాడు మెకానిక్. ఆ సమయంలో లోపల ఉన్నది మా ప్రెసిడెంటుగారి భార్య. ముప్పావుగంట! అప్పటిదాకా అది భూగోళం సమస్య. ఆవిడ బయటికి వచ్చిన క్షణం నుంచి మా భవనం సమస్య.

సాయంత్రానికల్లా భూతాప నివారణ కమిటీ వెలిసింది. ప్రెసిడెంటుగారి హాల్లో సమావేశం. ఏసీ పద్దెనిమిదిలో ఉంది. ఇద్దరు శాలువాలు కప్పుకున్నారు, నేను స్వెటరు వేసుకున్నాను. ఇంత వేడికి కారణమెవరో తేల్చందే లేచేది లేదని కూర్చున్నాం.

ఎవరో కార్ల పేరెత్తారు. కార్లు లేకపోతే బతికేదెలా అని అందరం ఆయన మీద పడ్డాం. జనరేటరు మాటెత్తినాయన్ని, లిఫ్టులో నువ్వు ఇరుక్కుంటే తెలుస్తుంది అన్నారు. ఏసీల జోలికి ఎవరూ పోలేదు. అందరూ సంస్కారవంతులే మరి.

గంట గడిచింది. చివరికి పళ్ళడాక్టరుగారు గొంతు సవరించుకుని, మెట్ల కిందున్న ఇస్త్రీపెట్టె బొగ్గులతోనే కదా నడిచేది అన్నారు.

అప్పుడు చూడాలి మా మొహాలు! ఒక్కొక్కటీ చేటంత అయింది.

ఇస్త్రీ అక్క గురించి మీకు చెప్పాలి. వయసు యాభై దాటింది. మా ఇంట్లో మా అత్తగారి దగ్గర్నుంచి మా అమ్మాయి దాకా అందరికీ ఆవిడ అక్కే. పదకొండేళ్ళుగా సెల్లారులో మెట్ల కింద ఒక బల్ల, దాని మీద మడత దుప్పటి, గుప్పెడు బొగ్గులు పట్టే ఇస్త్రీపెట్టె. ఎవరి చొక్కా ఎంత బిగుతైందో, ఎవరు లావెక్కారో మా డాక్టర్ల కన్నా ముందు ఆవిడకే తెలిసేది. ఒక్కనాడూ బయటపెట్టలేదు. మంచి మనిషే. మంచితనం వేరు, భూగోళం వేరు.

నాలుగో అంతస్తు పెద్దాయన చేయెత్తారు. బొగ్గుతో కరెంటు తీసే కేంద్రంలో ముప్పై ఏళ్ళు ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. బొగ్గూ పెట్రోలూ డీజిలూ కోట్ల ఏళ్ళు నేల అడుగున పడి ఉన్నవనీ, వాటిని తవ్వి కాలిస్తే వచ్చే వాయువు ఆకాశంలో దుప్పటిలా పరుచుకుంటుందనీ, లోపలికొచ్చిన ఎండవేడిని సరిగ్గా బయటికి పోనివ్వదనీ చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పారు. అక్క వాడేది కట్టెబొగ్గనీ, దానికీ పొగ ఉన్నా, ఆ వాయువు మొన్నమొన్న చెట్టు గాలిలోంచి పీల్చుకున్నదేననీ అన్నారు.

"నేను గంటకు వందల టన్నుల బొగ్గు తగలేసి మీకు కరెంటు పంపించాను," అన్నారు చివరికి. "ఆవిడ పెట్టెలో పట్టేది గుప్పెడు. ఈ వేడి ఎక్కడిదో నన్నడగండి, చెబుతాను."

ఎవరూ అడగలేదు. చప్పట్లు మాత్రం గట్టిగా కొట్టాం. పెద్దాయన బాగా మాట్లాడారని మినిట్స్‌లో కూడా రాయించాను. అయినా ఒక మాట చెప్పండి. కరెంటుకు పొగేమిటి? మా గోడకున్న ప్లగ్గు నేను స్వయంగా వంగి చూశాను. పొగ లేదు, మసి లేదు, వాసన కూడా లేదు!

బొగ్గుల ఇస్త్రీపెట్టెను భవనంలోంచి పంపేయాలన్న తీర్మానం నెగ్గింది. ఒక్క పెద్దాయన చేయి తప్ప అన్ని చేతులూ లేచాయి. కబురు చెప్పే భారం నామీద పడింది.

అక్క అంతా విన్నది. పెట్టె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంది.

"ఎక్కడికి పోవాలి బాబూ?" అంది.

దాని గురించి కమిటీ ఏమీ అనుకోలేదు. కరెంటు ఇస్త్రీపెట్టె కొనుక్కుంటే ఉండొచ్చేమో అన్నాను. మెట్ల కింద ప్లగ్గు లేదు కదా అంది. నిజమే. ఇదివరకు ఉండేది. ఆవిడ ఫోను ఛార్జింగు పెట్టుకుంటోందని కిందటేడు మేమే పీకించాం. మర్నాడు పొద్దున బల్లను తోపుడుబండి మీద వేసుకుని వెళ్ళిపోయింది. పదకొండేళ్ళు నిలబడ్డ చోట గచ్చు నున్నగా అరిగి ఉంది. ఎందుకు అబద్ధం చెప్పాలి, కాస్త కష్టంగానే అనిపించింది. వెంటనే అక్కడొక స్కూటరు పెట్టించాను.

సెల్లారులో వేడి తగ్గిందా అని అడుగుతున్నారా? తగ్గలేదు. మీరు చిన్న విషయాలు వదిలేయడం నేర్చుకోవాలి.

అసలు చిక్కు వేరేచోట వచ్చింది. అక్క వెళ్ళాక బట్టలు లాండ్రీకి వేశాం. వాళ్ళు ప్రెసిడెంటుగారి ప్యాంటుకు ఒక్కో కాలికి రెండేసి మడతలు పెట్టి పంపారు. మా ఆవిడ చీర అంచు మాడింది. అక్క చేయి పడితే గానీ బట్ట మాట వినదని అందరికీ తెలిసొచ్చింది. ఆవిడ కోసం వెదికితే, రెండు కిలోమీటర్ల అవతల పెద్దరోడ్డు పక్కన, ఫుట్‌పాత్ మీద కనిపించింది. చెట్టు లేదు, చూరు లేదు. ఒక పెద్ద ప్రకటన బోర్డు ఉంది, దాని నీడ పొద్దున పది దాకా.

అప్పట్నుంచి మేమే వెళుతున్నాం. కార్లలో! ఇంటికొకటి! మడతలు నలగకుండా వెంటనే తెచ్చుకోవాలి కాబట్టి, ఆవిడ ఇస్త్రీ చేసినంతసేపూ అక్కడే వరుసలో ఆగుతాం. ఏసీ లేకుండా కూర్చోలేం కాబట్టి ఇంజన్లు నడుస్తూనే ఉంటాయి. గుప్పెడు బొగ్గులు మా భవనంలోంచి బయటికి వెళ్ళిపోయాయి. కమిటీ విజయమంటే ఇది కాదూ?

మొన్న శనివారం మధ్యాహ్నం ఆ వరుసలో నాది ఆరో కారు. ముందున్న అయిదూ మావాళ్ళవే. పెద్దాయన మాత్రం చంకలో మూట, చేతిలో గొడుగుతో నడిచొచ్చారు. డెబ్భై రెండేళ్ళు! ఆ గొడుగు తను వేసుకోకుండా బల్ల మీదికి పట్టుకుని నిలబడ్డారు. చాదస్తం.

కాసేపటికి అక్క పెట్టె దించి, ఒక్కొక్క కారు దగ్గరికీ వచ్చి అద్దం తట్టడం మొదలుపెట్టింది. ముందువాళ్ళు ఫోన్లలో ఉన్నారు, చూడలేదు. నా దగ్గరికొచ్చి తట్టింది. నేను చూడనట్టు ఉండలేని మనిషిని. అద్దం రెండంగుళాలు దించాను. ఆవిడ మొహం ఎర్రగా కంది ఉంది. కారు డోరు పట్టుకుని నిలబడింది.

"ఈ బండ్ల పొగకూ వేడికీ ఆగలేకపోతున్నాను బాబూ. నిన్న ఇక్కడే కళ్ళు తిరిగి పడిపోయాను. మీ బట్టలయ్యేదాకా కాస్త ఇంజను ఆపి కూర్చుంటారా? మీరు ఆపితే చూసి వాళ్ళూ ఆపుతారు."

నిజమేననిపించింది. నన్ను చూసి మావాళ్ళు ఏదైనా చేస్తారు, ఆరేళ్ళ సెక్రటరీని. తాళంచెవి మీద చేయి కూడా వేశాను, ఒట్టు!

కానీ ఆ రెండంగుళాల సందులోంచి లోపలికొచ్చింది చూడండి వేడిగాలి! మొహం భగ్గుమంది. ఊపిరాడలేదు. బయట అంత ఘోరంగా ఉందని నాకు అప్పటిదాకా తెలియనే తెలియదు. చేయి వెనక్కి తీసుకుని గబగబా అద్దం పైకెత్తేశాను. అంత వేడిలో మనిషన్నవాళ్ళు నిలబడగలరా, మీరే చెప్పండి!