ఫొటోలో మిగిలిన అడవి

అడవిని సరిగ్గా చూడాలంటే అడవికి ఎంత దూరం పోతే అంత మంచిదని ఎనభైలలో ప్రభుత్వం తేల్చింది. భూపాలపల్లి అవతలి అభయారణ్యాన్ని ఇకమీదట ఆకాశంలోంచి ఉపగ్రహమే చూసుకుంటుందని ఉత్తర్వు వచ్చింది. (కింద నడిచే ఫారెస్టు గార్డుకు సైకిలు ఇప్పించాలన్న దరఖాస్తు అప్పటికింకా పరిశీలనలోనే ఉంది.)

ఉపగ్రహం మార్చిలో ఫొటో తీసింది. అది పై ఆఫీసులన్నీ తిరిగి జనవరికి ఇక్కడికి చేరింది. మార్చిలో టేకు ఆకు రాల్చి మోడుగా నిలబడుతుంది. చిట్యాలలో ఇప్పపువ్వు, చింతపండు బేరం చేసుకునే నాకు ఆ సంగతి తెలుసు. రేంజరు సుదర్శన్‌కూ తెలుసు. ఫొటోకే ఎవరూ చెప్పలేదు. అందులో అడవంతా బోడి. నడుమ ఒక్క చోట ఎర్రటి మచ్చ. (పచ్చగా ఉన్నది ఆ ఫొటోలో ఎర్రగా పడుతుందట. సర్కారు పద్ధతి కనుక ఎందుకని ఎవరూ అడగలేదు.)

ఆ మచ్చ ముసలి ఓదెమ్మ పొలం. మామ నాటి పట్టా, బావి కింద ఎకరం యాసంగి వరి. ఆమె ఏడాది తిండి అదే.

ఆకాశ వీక్షణాధికారి జగపతిగారు దాన్ని మిగిలిన ఏకైక అడవిగా ప్రకటించారు. ముళ్లకంచె, బోర్డు, ప్రవేశ నిషేధం. నేను సరుకు కోసం పోయిననాడే సుదర్శన్ ఆ ఉత్తర్వు చదివి వినిపించాడు, గుబురుగా ఉన్న టేకుచెట్టు నీడలో నిలబడి.

"మరి గీ చెట్లేంది సారూ?" అంది ఓదెమ్మ.

"గవి లేవు."

"లేకుంటే నీడ యాడికెళ్లి వచ్చింది? జర ఎండల నిలబడి సదువుండ్రి."

"నాకు ఎరుకే అవ్వా. ఫొటోకు ఎరుక లేదు. సంతకం ఫొటో మీద అయింది."

ఆమె నా వైపు తిరిగింది. "సేటూ, నువ్వన్న జెప్పు. మొన్ననే నాటేసిన. నీళ్లు కట్టకుంటే ఎట్ల?"

"అడవికి ఎవరన్న నీళ్లు కడ్తరా?" అన్నాడు సుదర్శన్, నాకంటే ముందే.

మా దుకాణంలో తూకం తేడా వస్తే ముందు రాయిని అనుమానిస్తాం. సర్కారు సరుకును అనుమానిస్తుంది.

మిగతా అడవి లేదని తేలింది కనుక కలప కాంట్రాక్టరు లారీలు తోలుకొచ్చాడు. గార్డు అడ్డం నిలబడితే జగపతిగారే వచ్చి చట్టం వివరించారు: లేని చెట్టును నరకడం నేరం కాదు. లారీలకు చెక్‌పోస్టులో తనిఖీ కూడా అక్కర్లేదు, ఖాళీగానే పోతున్నాయి కనుక. నిండా దుంగలతో, బరువుకు నేల ఒరుసుకుంటూ, ఖాళీగా పోయాయి.

మరుసటి ఫొటోలో ఎర్రమచ్చ కూడా లేదు. వెంటనే విచారణ సంఘం దిగింది. సభ్యులు తలా ఒక టేకు మొద్దు మీద కూర్చుని, చాయ్ తాగి, కారణం కనిపెట్టారు: నీళ్లు కట్టడం మానేసి ఆఖరి అడవిని ఎండబెట్టినందుకు ఓదెమ్మ మీద కేసు పెట్టవలెను.