ఏడో తరగతి దొరతనంలో మంచినీళ్ల తరుగు

ప్రభుత్వాన్ని చదవడం వేరు, ముట్టుకుని చూడడం వేరు అని పై అధికారులు ఒక శుభముహూర్తాన కనిపెట్టారు. (అంతకుముందు వారు బెత్తాన్ని కనిపెట్టారు.) ఫలితంగా 1967 ఎండాకాలం మొదట్లో మా చందూర్ వైపు బడికి ఒక ఉత్తర్వు వచ్చింది. తెల్లదొరల వలస రాజ్యం గురించి ఇకపై నోటితో చెప్పరాదు. తరగతినే వలస రాజ్యంగా మార్చి, అక్కడి పాలన, నిత్యజీవితం పిల్లల చేత చేయించాలి. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి చూసేదాకా ఆపరాదు.

ఏడో తరగతికి సోషల్ చెప్పే గులాం సారు మెత్తని మనిషి. ముందు బెంచీలవారిని దొరలుగా, వెనక బెంచీలవారిని ప్రజలుగా ప్రకటించి, మంచినీళ్ల కుండ పక్కన కూర్చునే జగన్మోహనరావును గవర్నరుగా నియమించాడు. (చరిత్రలో చాలామంది గవర్నర్లకు ఇంతకు మించిన అర్హత లేదు.)

పాపం, పిల్లలకు ఓడలు తెలియవు, లండన్ తెలియదు. వాళ్లెరిగిన ప్రభుత్వం ఒక్కటే, మా ఊరి చెరకు సంఘం. అక్కడ పర్మిట్ రానిదే సొంత చేలో గడ కొట్టకూడదు. వచ్చాక బండ్ల వరుసలో పడిగాపులు కాయాలి. తూకంలో ఆకుకూ మట్టికీ తరుగు తీస్తారు. కనుక మధ్యాహ్నానికల్లా వలస రాజ్యంలో మంచినీళ్లకు పర్మిట్ పుట్టింది.

చివరి బెంచీ కుల్సుమ్ జొన్నరొట్టె, మిరపకారం తిని కుండ దగ్గరికి వెళ్లింది. పర్మిట్ అధికారి జాఫర్ ఆపాడు. ముందు దాహం రుజువు కావాలన్నాడు. నాలుక పరీక్షాధికారిణి నాగకుమారి నాలుక చూసి, తడి ఇంకా ఉందని రేపు రమ్మంది. మర్నాడు నాలుక ప్యాసైంది గానీ వరుస కదలలేదు. ఆ మర్నాడు గ్లాసు చేతికొచ్చింది. కుండ అడుగున మట్టి ఉంటుంది గనుక గ్లాసులో ముప్పాతిక తరుగు తీశారు. (తరుగు నీళ్లు గవర్నరుగారు తాగారు.) మిగిలిన గుక్క నోటిదాకా వచ్చేలోపు గంట కొట్టారు, ఆఫీసు మూసేశారు.

ఆ పిల్ల ముఖం చూసి గులాం సారు ఆగలేక తన చెంబు ఆమెకివ్వబోయి, దొంగనీటి రవాణా నేరం కింద దొరికిపోయాడు. ఇక చాలు, ఈ పాఠం ఆపేద్దామన్నాడు.

కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ కాలువ కింద పొలం కొన్న రైతు కొడుకు మన గవర్నరు. వినయంగా లేచాడు.

“ఆపకూడదని రాశారు కదండీ. మా నాన్న చెరకు పర్మిట్ కోసం నెల్లాళ్లుగా తిరుగుతున్నాడండీ. ఇక చాలు ఆపండని ఆయన అడిగితే ఎవరైనా ఆపారా అండీ?”

చెంబు నేరానికి శిక్షగా సారును వెనక బెంచీలో కూర్చోబెట్టారు. మిగతా పాఠాలు అక్కణ్ణుంచే చెప్పాడు.

శుక్రవారం ఇన్‌స్పెక్టరు ఆత్మారాంగారు దుమ్ము కొట్టుకుని జీపు దిగారు. పెద్దలను పర్మిట్ అడిగే ఆచారం ఏ రాజ్యంలోనూ లేదు. ఆయన కుండ ఖాళీ చేసి, మీసం తుడుచుకుని, పాలన ఇంత సహజంగా జిల్లాలో ఎక్కడా చూడలేదని మెచ్చుకున్నారు.

చివరి బెంచీలో కుల్సుమ్ లేచి నిలబడింది.

“సార్, నాకు దూపైతుంది. మాకు స్వతంత్రం ఎప్పుడిస్తరు?”

ఆత్మారాంగారు సిలబస్ తిరగేసి, ఎంతో ఆప్యాయంగా చెప్పారు. “గా పాఠం ఎనిమిదో తరగతిల ఉన్నది బేటీ. జర ఓపిక పట్టు.”

మా బడి ఏడో తరగతి వరకే.