ఒక్క చుక్క కోసం తబిత సల్పిన మహాసంగ్రామం

సకలవిద్యార్థిజనహృదయవిదారకమగు ఆఖరి సెమిస్టరులో, రెండువేల మూడో సంవత్సరపు మార్చి మాసాన, మధ్యాహ్నమార్తాండుడు గౌతమీతీరాన్ని పెనం చేసి కాల్చుతున్న వేళ, రాజమహేంద్రవరోపాంతాన, ఫ్యాను తిరగని మైక్రోప్రాసెసర్ ల్యాబనే రణరంగంలో, కాలేజీ మొత్తానికి ఏకైకమైన గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌ను బల్లమీద ప్రతిష్ఠించి సూర్యప్రకాశం మాస్టారు శాసించారు:

"నాలుగింటికి వస్తాను. మీ ప్రోగ్రాముతో దీని తెరమీద ఒక్క చుక్కయినా పెట్టండి. లేదా, ఇది బీరువాలోకి, మీరిద్దరూ లైబ్రరీ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టులోకి. పద్నాలుగు బ్యాచ్‌లు అదే చేశాయి. మీరు పదిహేను."

ఆ శాపవాక్కు విని ప్రాజెక్టు భాగస్వాములిద్దరూ కాలిక్యులేటర్ మీదికి లంఘించారు.

అంతట సీభాషాసామ్రాజ్యధురంధరుడు, మండపేట మిల్లు గుమస్తాగారి పుత్రరత్నం మణిశంకరుడు, లేని మీసం దువ్వి గర్జించాడు: "నాగరికుడన్నవాడు సీలో రాస్తాడు! పది లైన్లు, పది నిమిషాలు!"

అసెంబ్లీభాషావ్రతదీక్షాపరాయణ, వంశంలో తొలిసారి కాలేజీ మెట్లెక్కిన చిట్టియ్య కూతురు తబిత ప్రతిగర్జించింది: "ఆ పది లైన్లూ యంత్రభాషలోకి మారితే నాలుగువేల అంకెలండి మహానుభావా! కంప్యూటర్ నుంచి దీంట్లోకి పంపే వైరు మనకి లేదు. అన్నీ ఈ బుల్లి మీటల మీద బొటనవేలితో కొట్టుకోవాలి. అసెంబ్లీలో నావి నలభై రెండే."

"కొట్టి చూపిస్తా, ఉండు."

రెండింటికి ఆరంభమైన ఆ అంగుష్ఠప్రహారయజ్ఞం మూడున్నరకి, రెండువేల పైచిలుకు అంకెల దగ్గర భగ్నమైంది. "తబితా... ఈ లైను కొట్టానంటావా, లేదంటావా?"

"జరుగు."

వీరనారి ల్యాబ్ రికార్డు తెరిచి, అందులోని పట్టిక చూసి ఒక్కో ఆజ్ఞకూ అంకెలు చేత్తో రాసుకుని, మూడూ నలభైకల్లా నలభై రెండూ సంధించింది. మీట నొక్కింది.

కాలిక్యులేటర్ కొయ్యబారింది.

మూడేళ్ళుగా రికార్డులో ప్రతి ప్రోగ్రాము చివరా హాల్ట్ అని రాసి రాసి, ఆ అలవాటులో ఇక్కడా యంత్రాన్ని ఆగిపొమ్మంది తబిత. ల్యాబ్‌లోని ప్రాక్టీసు కిట్ అయితే ఆగి ఊరుకుంటుంది. కాలిక్యులేటర్‌కు మాత్రం, పని అయ్యాక వెనక్కి రమ్మని చెప్పాలి.

"హాల్ట్ రాయకపోతే రెండు మార్కులు కోస్తారని భయం," అని పళ్ళికిలించాడు మణిశంకరుడు.

"నోర్మూసుకుని బ్యాటరీలు పీకు."

పీకాడు. కొట్టినదంతా కొట్టుకుపోయింది. మెట్లమీద మాస్టారి చెప్పుల చప్పుడు. "మళ్ళీ నాలుగువేలైతే ఇక్కడే ఏడ్చేవాణ్ణి," అంటూ సీభాషాధురంధరుడు అస్త్రసన్యాసం చేసి, సారథియై అంకెలు చదివాడు. ఆమె కొట్టింది. ఆఖరున హాల్ట్ బదులు, వెనక్కి రమ్మనే రిటర్న్.

సూర్యప్రకాశం మాస్టారు కళ్ళజోడు సవరించి తెరలోకి వంగారు. "ఇదేంటమ్మా, దుమ్ము పడింది," అని జేబురుమాలుతో తుడిచారు. ఊది, మళ్ళీ గట్టిగా తుడిచారు.

"పోదండి. అది మాదేనండి."

ఆ విధంగా, తెరమీది ఆరువేల నూట నలభైనాలుగు స్థానాల్లో సరిగ్గా ఒకదాన్ని జయించిన తబితాదేవి, ఏకబిందుచక్రవర్తినియై, లైబ్రరీ మేనేజ్‌మెంట్‌ను పదిహేనో బ్యాచ్ పొలిమేర దాటించి తరిమిన యశస్సుతో, దిక్కులు పిక్కటిల్లేలా ఒక గ్లాసు మంచినీళ్ళు తాగెను.