డచెస్ నాలుక కోసిందెవరు?

"బావా, ఈ ప్రపంచంలో మెదళ్ళు రెండు రకాలు," అన్నాడు ఓర్విల్ పిన్నెల్, నా గొంతు మీద కత్తి ఆనించి. "ఒకటి మామూలు మెదడు. రెండోది ఇది."

కత్తితో తన నుదురు చూపించాడు. సబ్బు నురగ చుక్క ఒకటి అతని కనుబొమ మీద పడింది. నేను కాదనలేదు. గొంతు దగ్గర కత్తి ఉన్నప్పుడు అవతలివాడి మెదడు గొప్పదేనని ఒప్పుకోవడం ఆరోగ్యానికి మంచిది.

ఓర్విల్ మా ఆవిడ మేవిస్‌కి అన్నయ్య. కొలరాడో కొండల మధ్య మా డ్రై ఫోర్క్ లోయ మొత్తానికి ఒక్కడే మంగలి. పోస్టులో పాఠాలు తెప్పించుకుని డిటెక్టివ్ కూడా అయ్యాడు. ఆ డిప్లొమా అద్దం పక్కనే వేలాడుతూ ఉంటుంది. అది వచ్చాక అతను పట్టుకున్న దొంగ ఒక్కడే. చర్చి చందా పెట్టె చంకలో పెట్టుకుని పోతుండగా వెనకనుంచి మీద పడి పట్టుకున్నాడు. ఆ దొంగ మా పాస్టరు గారు.

నా పేరు గ్రాడీ. దాణా, గింజలు, ముళ్ళతీగ, మేకులు అమ్ముకుంటాను. ఎవరి జోలికీ పోను. కానీ బావమరిది జోలికి పోకుండా ఉండడం మనిషి చేతిలో లేదు.

నా రెండో చెంప ఇంకా గొరగకముందే తలుపు తెరుచుకుంది. ఎలియస్ బ్రాకెట్ పెద్దాయన లోపలికొచ్చి టోపీ తీశాడు. ఆయన టోపీ తీయడం నేను అంతకుముందు ఒక్కసారే చూశాను, వాళ్ళావిడ నోర్మా అంత్యక్రియల్లో.

"డచెస్ పోయింది," అన్నాడు. "నాలుక కోసేశారు."

ఓర్విల్ కత్తి మడిచి జేబులో వేసుకున్నాడు. "ఎవరూ కదలొద్దు!" అన్నాడు.

కదిలిందల్లా అతనొక్కడే. సగం గడ్డంతో నేను వెనక పరుగెత్తాను.

డచెస్ పెద్దాయన పెంచుకున్న ఆవు. ఆ వేసవిలో అప్పటికే ఆయన ఆవులు రెండు అలాగే చచ్చిపడి ఉన్నాయి. నాలుక ఉండదు, కన్ను ఉండదు, ఒక చెవి, పొదుగు ఉండవు. నెత్తురు చుక్క ఉండదు. పక్క జిల్లాల్లోనూ ఇవే కబుర్లు. కొందరు ఎగిరే పళ్ళాలన్నారు, కొందరు ప్రభుత్వం హెలికాప్టర్లన్నారు, కొందరు సైతాను పూజలన్నారు. పశువుల డాక్టరు హోబార్ట్ మాత్రం, ఆవులు లార్క్‌స్పర్ అనే నీలిపూల కలుపు మేసి చచ్చాయనీ, తర్వాత పిట్టలూ నక్కలూ వాటి పని అవి చేసుకున్నాయనీ అన్నాడు. ఆ మాట ఎవరికీ నచ్చలేదు. కలుపు మొక్క గురించి కాఫీ హోటల్లో ఎంతసేపని మాట్లాడుకుంటారు?

పచ్చికలో షెరీఫ్ లండ్, ఓ అరడజను మంది రైతులు డచెస్ చుట్టూ నిలబడి ఉన్నారు. ఓర్విల్ భూతద్దం తీసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆవు నోట్లోకి చూశాడు. ఆవు రెండో వైపుకి వెళ్ళి అక్కణ్ణించీ నోట్లోకి చూశాడు.

"నాలుక తీశారంటే ఒక్కటే అర్థం," అన్నాడు. "సాక్ష్యం చెప్పకుండా చేశారు."

"అది ఆవు ఓర్విల్," అన్నాడు షెరీఫ్.

"ఆ సంగతి మీకు తెలుసు, నాకు తెలుసు. హంతకుడికి తెలుసా?"

షెరీఫ్ కొండల వైపు తిరిగాడు. జూన్ వచ్చినా వాటి మీద మంచు కరగలేదు. కాసేపు ఆ మంచునే చూశాడు.

"ఈ అంచు చూడండి," ఓర్విల్ గొంతు పెంచాడు. "ఎక్కడా చీరుకుపోలేదు. నున్నగా, ఒక్క గీత గీసినట్టు ఉంది. ఇది జేబు కత్తి కోత కాదు, కసాయి కత్తి కోతా కాదు. పాతికేళ్ళుగా కత్తి పట్టినవాణ్ణి, నా మాట రాసిపెట్టుకోండి. ఇది మంగలి కత్తి!"

గాలికి పచ్చిక గుసగుసలాడింది.

"మంగలి కత్తి," అన్నాడు బ్రాకెట్ పెద్దాయన మెల్లగా. "మన లోయలో అలాంటి కత్తి ఎవరి దగ్గరుంది?"

"ఒక్కడి దగ్గరే!" అన్నాడు ఓర్విల్ విజయగర్వంతో. ఆ తర్వాత అతని మొహంలో రంగు పైనుంచి కిందికి, వరసగా దిగిపోయింది.

అందరూ అతని జేబు వైపు చూస్తున్నారు.

"అంటే... ఒక్కడి దగ్గరే *వాడకంలో* ఉంది," అన్నాడు జేబు మీద చెయ్యి వేసి. "వాడకంలో లేని కత్తులు ఎవరి దగ్గరుంటాయి? గడ్డాలు పెంచేవాళ్ళ దగ్గర! గడ్డం గీసుకోనివాడి కత్తి పొద్దస్తమానం ఖాళీ. ఖాళీ కత్తి ఊరుకుంటుందా?"

మా లోయలో గడ్డాలవాళ్ళంటే ఒక్క గుంపే. పై కనుమలో పాత గనివాళ్ళ ఇళ్ళు బాగుచేసుకుని, మేకల్ని పెట్టుకుని, అందరూ ఒకే వంటగదిలో వండుకుతినే కుర్రవాళ్ళు. జడలు, పూసలు, చెప్పుల్లేని కాళ్ళు. కన్నవాళ్ళు పెట్టిన పేర్లు వదిలేసి చెట్ల పేర్లు, నదుల పేర్లు పెట్టుకున్నారు. ఊరికి వాళ్ళంటే ముందునుంచీ గిట్టదు. ఓర్విల్ మాట ఎండుగడ్డి మీద అగ్గిపుల్లలా పడింది.

"శనివారం మధ్యాహ్నం పైకి వెళ్దాం," అన్నాడు పెద్దాయన. "తుపాకులు తెచ్చుకోండి."

"ఎలియస్, వద్దు," అన్నాడు షెరీఫ్.

"నువ్వు రాకపోయినా సరే లండ్. డచెస్ తల్లి ఈనుతూ చచ్చిపోతే నోర్మా వంటింట్లో పెట్టుకుని సీసాతో పాలు పట్టింది దానికి."

ఇంటికొస్తూ నేను ట్రక్కులో ఓర్విల్‌ని నిలదీశాను. "వాళ్ళు మాంసం ముట్టరు బావా. నా కొట్లో చిక్కుడు గింజలు, ఓట్స్ తప్ప కొనరు. ఆకులు తినేవాళ్ళు ఆవు నాలుకేం చేసుకుంటారు?"

"అక్కడే ఉంది కీలకం. రోజూ ఉడకబెట్టిన ఆకులు తింటే నాలుకలు చచ్చిపోవూ? కొత్తవి కావాలి కదా."

నేను ట్రక్కు ఆపాను. "అక్కడ పసిపిల్లలున్నారు. శనివారం ఎవరి తుపాకీ పేలినా అది నీ నోటిలోంచి పేలినట్టే."

ఓర్విల్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని దాని అంచు సవరిస్తూ కూర్చున్నాడు.

"నా కత్తి వైపు చూశారు బావా అందరూ," అన్నాడు చివరికి. "భయమేసింది. నోటికొచ్చింది అనేశాను."

"అయితే వెళ్ళి చెప్పు."

"చెప్తే నమ్మరు. రుజువు కావాలి." కాసేపటికి కళ్ళు మళ్ళీ మెరిశాయి. "నేను రంగంలోకి దిగుతాను. ఎరగా!"

శనివారం పొద్దున్న అతను కసాయి దగ్గర్నుంచి అప్పుడే ఒలిచిన నల్లావు తోలు తెచ్చాడు, తలతో సహా. పెద్దాయన పచ్చికలో, కనుమకి వెళ్ళే దారి పక్కనే, తల ముందు పెట్టి, నాలుక బయటికి లాగి, తోలు కప్పుకుని పడుకున్నాడు. నన్ను వాగు పక్క పొదల్లో ట్రక్కుతో ఉండమన్నాడు.

"హంతకుడు రాగానే తోక ఊపుతాను. పరుగెత్తుకురా."

"తోక నీ చేతికి అందుతుందా?"

"డిటెక్టివ్‌కి అందనిదేదీ లేదు," అంది ఆవు.

ఎండ ముదిరింది. తోక ఊగలేదు. మెల్లగా గురక మొదలైంది. తోలు కింద వెచ్చగా ఉందేమో, చచ్చిన ఆవు హాయిగా గురకపెడుతోంది. లేపుదామని లేచాను. అప్పుడే కిందనుంచి దుమ్ము లేచింది. ట్రక్కులు. అనుకున్నదానికంటే ముందే బయల్దేరారు.

నేను పొదల్లోంచి బయటపడి చేతులూపుతూ దారికి అడ్డంగా పరుగెత్తాను. పెద్దాయన బండి ఆపాడు. కానీ నాకోసం కాదు.

"ఇంకోటి!" అని అరిచాడు. "పట్టపగలు! నా పచ్చికలో!"

అందరూ తుపాకులతో కంచె దూకారు. షెరీఫ్ వాళ్ళ వెనక, నేను షెరీఫ్ వెనక. నాలుగడుగులేసి పెద్దాయన చెయ్యెత్తాడు. అందరం ఆగిపోయాం.

ఆవు మీద పిట్టలున్నాయి. మాగ్‌పైలు, నలుపూ తెలుపూ రెక్కల, పొడుగుతోక పిట్టలు. కాకికి చుట్టాలే. మమ్మల్ని చూసి అవి బెదరనైనా బెదరలేదు. పెందలాడే పనిలోకి దిగినట్టున్నాయి. నాలుక అప్పటికే సగం లేదు. ఒకటి కంటి దగ్గర ఒద్దికగా కూర్చుని పని చేసుకుంటోంది. ఇంకొకటి చెవి అంచు పట్టుకుని చిన్నచిన్న ముక్కలుగా, కత్తెర ఆడించినంత శ్రద్ధగా కొరుకుతోంది. నెత్తురు లేదు. చచ్చిన తలలో నెత్తురెక్కడిది?

తుపాకులు మెల్లగా నేల చూశాయి.

అప్పుడు మూడో పిట్ట, బహుశా కడుపు నిండనిది, తోలు కిందనుంచి బయటికొచ్చిన ఇంకో చెవిని చూసింది. మెత్తగా, ఎర్రగా, వెంట్రుకల్లేకుండా ఉంది. ముక్కుతో ఒక్కటి పొడిచింది.

"చచ్చాన్రోయ్!" అని కేకేసి ఆవు రెండు కాళ్ళ మీద లేచింది. "పట్టుకున్నా! షెరీఫ్! హంతకుణ్ణి పట్టుకున్నా!"

ఎవరి తుపాకో ఆకాశంలోకి పేలింది. ఇద్దరు రైతులు కంచెకి అవతల తేలారు. వాళ్ళు కంచె ఎప్పుడు దూకారో ఎవరూ చూడలేదు. పిట్టలన్నీ గుంపుగా లేచి కాటన్‌వుడ్ చెట్ల మీద వాలి తిట్టడం మొదలెట్టాయి. ఓర్విల్ చెవి పట్టుకుని గిరగిరా తిరుగుతున్నాడు, తోలు వీపు మీద వేలాడుతూ.

"ఏడీ హంతకుడు? ఎటు పోయాడు?"

"ఎగిరిపోయాడు," అన్నాడు షెరీఫ్.

నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు. పెద్దాయన ఆవు తల దగ్గర కూర్చున్నాడు. సగం తెగిన నాలుక అంచు వేలితో తడిమాడు. ఎండకి అప్పుడే బిగుసుకుని నున్నగా, గీత గీసినట్టు ఉంది.

"హోబార్ట్ చెప్పాడు," అన్నాడు. "వినబుద్ధి కాలేదు. కింద గడ్డి అయిపోయిందని ఈసారి తొందరపడి ఆవుల్ని పైకి తోలాను. మంచు కరగ్గానే ముందు మొలిచేది ఆ నీలిపూల దరిద్రమే. నాకు తెలుసు. నోర్మా ఉంటే తోలనిచ్చేది కాదు." వేలు పచ్చికకి తుడుచుకున్నాడు. "ఎవడో ఒకడు చంపి ఉంటే బాగుండుననిపించింది."

లేచి తుపాకీలోంచి తూటాలు తీసి జేబులో వేసుకున్నాడు. మిగతావాళ్ళని ఇళ్ళకి పొమ్మన్నాడు. నన్ను మాత్రం రమ్మన్నాడు.

కనుమ గేటు దగ్గర జూనిపర్ అనే అమ్మాయి ఒక్కతే నిలబడి ఉంది. చేతులు కట్టుకుంది గానీ గేటు గడియ తీయలేదు. పెద్దాయన టోపీ తీశాడు.

"అమ్మాయ్, మీ గురించి ఊళ్ళో ఒక మాటన్నాను. మీ దాకా వచ్చి ఉండదులే. వచ్చి ఉంటే మాత్రం తప్పు నాది."

"వచ్చింది తాతా," అంది జూనిపర్. "పిల్లల్ని పొద్దున్నే కొండ అవతలికి పంపించేశాం."

పెద్దాయన టోపీ తిప్పుతూ ఉండిపోయాడు. చివరికి ఆ పిల్లే అడిగింది, ఆవులు దేనివల్ల చచ్చాయని. చెప్పాడు.

"ఆ మొక్క మా మేకల దొడ్డి పక్కా మొలుస్తుంది. వేరుతో సహా తవ్వాలి, లేకపోతే మళ్ళీ వస్తుంది," అంది. కాసేపు కొండ వైపు చూసింది. "పిల్లలు వెనక్కి వచ్చాక, పారలు పట్టుకుని రేపు కొంతమందిమి వస్తాం. కాఫీ మీరు పెట్టాలి."

"మాంసం లేని భోజనం కూడా పెడతాను," అన్నాడు పెద్దాయన. "ఎలా వండుతారో మీరే చెప్పాలి."

మర్నాడు చర్చి అయ్యాక వెళ్ళేసరికి పచ్చికంతా జనం. గడ్డాలవాళ్ళు ఒక వరస, రైతులు ఒక వరస, మొదట్లో మధ్య చాలా ఎడం. మధ్యాహ్నానికి ఆ ఎడం తగ్గింది. పారల కొరత వల్ల తగ్గిందనుకుంటాను.

చెవికి ఇంత కట్టుతో ఓర్విల్ నా పక్కకొచ్చాడు. గొంతు తగ్గించాడు.

"చూశావా బావా? విషపు మొక్కలు గోనెసంచుల్లో పోగేస్తున్నారు. ఎందుకంటావ్?"

నేను పార అతని చేతిలో పెట్టాను. "తవ్వు బావా."

ఏమనుకున్నాడో, తవ్వాడు. పొద్దువాలేదాకా చెమటలు కక్కుతూ ఒక్క మాట మాట్లాడకుండా తవ్వాడు. నీలిపూలు కనపడితే చాలు, వేరుతో పెకిలించి సంచిలో వేశాడు. అవి లార్క్‌స్పర్ కాదు, అదే రంగు అడవి ఐరిస్ పూలు. అంతా చూశారు. జూనిపర్ చెప్పబోయింది. బ్రాకెట్ పెద్దాయన ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనీ తల్లీ," అన్నాడు. "చాలా ప్రశాంతంగా ఉంది."